ఎస్తేరు గారి పక్క బల్ల

ఆ ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నా బల్ల మీద బుల్లి రైలుబండి ఏడోసారి పట్టాలు తప్పింది. ఏడుసార్లూ ఒకే చోట. నా బల్లకీ పక్కనున్న ఎస్తేరు గారి బల్లకీ మధ్య అతుకు దగ్గర. ఇంజను అక్కడిదాకా చక్కగా వచ్చి, ముక్కు కిందికి దించి, పక్కకి ఒరిగి పడుకునేది. వెనక పెట్టెలు దాని మీదెక్కేవి.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఇది మా ఆవిడ మాట, నేను కాదనను. కానీ ఆ రోజు కోపానికి కారణం లేదంటే మాత్రం ఒప్పుకోను. మూడేళ్ళు ఒక మనిషి వెనక తిరిగాను. ఆయన చెప్పినట్టల్లా చేశాను. రెండేళ్ళు "ఇంకా కాదు" అనిపించుకుని, మూడో ఏడు "సరే, తీసుకురా" అనిపించుకున్నాను. పదకొండింటికి హాలు తలుపులు తీస్తారు, జనం చూడ్డానికి వస్తారు. ఆ లోపు బండి నా బల్ల దాటకపోతే నా బల్ల తీసి గోడకి ఆనించేస్తారు. మళ్ళీ ఏడాదిదాకా అంతే సంగతులు.

ఆ మనిషి పేరు బుల్లబ్బాయి. రైల్వేలో గ్యాంగు మేస్త్రిగా ముప్ఫై ఆరేళ్ళు చేసి, రిటైరై సామర్లకోటలో ఉంటున్నాడు. అసలు పట్టాలు సరిచేసీ సరిచేసీ కాయలు కాసిన చేతులతో ఇప్పుడు బుల్లి పట్టాలు సరిచేస్తాడు. బుల్లి అంటే పిల్లలాట అనుకోకండి. రెండు పట్టాల మధ్య ఎడం తొమ్మిది మిల్లీమీటర్లు. ఒక పెట్టె నా బొటనవేలికి కాస్త పెద్దది. మేం పన్నెండుమందిమి, ఒక్కొక్కరం ఇంటి దగ్గర నాలుగడుగుల బల్ల ఒకటి చేసుకుని, దాని మీద పట్టాలు వేసుకుని, నచ్చిన ఊరో కొండో వంతెనో కట్టుకుంటాం. మూలమలుపులు నాలుగూ మేస్త్రి గారివి. ఏడాదికోసారి అన్నీ తెచ్చి కలిపితే పెద్ద చుట్టు అవుతుంది. ఆ చుట్టంతా ఒకే బండి తిరగాలి.

ఆయన పెట్టిన నియమం కూడా పెద్దదేం కాదు. బల్ల మధ్యలో ఏం కట్టుకుంటావో నీ ఇష్టం, చివరలు మాత్రం అందరివీ ఒక్కలా ఉండాలి. ఆయన దగ్గర ఒక రేకు ముక్క ఉంది. అంచుకి ఎంత దూరంలో పట్టాలు రావాలో, చివరి జానెడూ ఎంత తిన్నగా ఉండాలో ఆ రేకు పెట్టి చూస్తాడు. దానికి సరిపోతే బల్ల వరసలోకి వస్తుంది.

నా బల్లకి ఆ రేకు అతికినట్టు సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది? నేను పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెబుతాను. పంతొమ్మిదేళ్ళుగా పిల్లకాయల గీతలు కొలిచి మార్కులు కోసే బతుకు నాది. నా బల్ల మీద ఒక చిన్న స్టేషను, ఒక లెవెల్ క్రాసింగు గేటు, గేటు దగ్గర ఆగిన ఎడ్లబండి ఉన్నాయి. పట్టాల కింద కంకరకి ఇసుకని టీ వడగట్టే జాలీతో జల్లెడ పట్టాను. మా ఆవిడ ఆ జాలీ మళ్ళీ ముట్టుకోలేదు.

హాలంటే సత్రంలో భోజనాల హాలు. అక్కడే వచ్చింది చిక్కంతా. పంక్తులు లేచాక నేల కడిగితే నీళ్ళు తూములోకి పోవాలి కదా, అందుకని నేల ఒక పక్కకి వాలుగా ఉంటుంది. చూస్తే తెలియదు. నేను బల్ల దింపగానే రసమట్టం తీసి పెట్టాను. లోపలి బుడగ ఎడం చేతి పక్కకి పారిపోయింది, అంటే కుడి పక్క పల్లం. అందరి బల్లలకీ ఉన్నట్టే నా బల్ల కాళ్ళకీ అడుగున బోల్టులున్నాయి. కుడి చేతి పక్క బోల్టులు తిప్పీ తిప్పీ బల్లని లేపాను. బుడగ సరిగ్గా మధ్యకి వచ్చి నిలబడింది. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు.

ఆ కుడి చేతి పక్కే ఎస్తేరు గారి బల్ల. ఆవిడ గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు. ఈ పనిలోకి వచ్చి రెండేళ్ళే అయింది. పాత మంచం చెక్కలతో బల్ల చేసుకుంది. దాని మీద స్టేషనూ లేదు, గేటూ లేదు. ఒట్టి వరిచేలు.

"ఎస్తేరు గారూ, మీ బల్ల కిందికుంది. లేపండి" అన్నాను.

"లేపాను మాస్టారూ."

"ఇంకా లేపండి."

"ఇంకా లేవదు మాస్టారూ."

"లేవకపోవడం ఏంటండీ? నా బల్ల మట్టానికుంది. కావలిస్తే వచ్చి చూసుకోండి. మీది మట్టానికి లేదు, మీ పక్కది లేదు, దాని పక్కది అంతకంటే లేదు. ఇంతమంది ఇన్నేళ్ళ నుంచి వంకరబల్లల మీద రైలు నడుపుతున్నారు. ఒక్కరికీ సిగ్గు లేదు."

హాల్లో పని చేసుకుంటున్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. చూడనీ అనుకున్నాను. ఎనిమిదోసారి బండి పెట్టాను. ఎనిమిదోసారీ పడింది. ఈసారి ఒక పెట్టె దొర్లి నేల మీద పడి చక్రం ఊడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మంచం చెక్కలతో చేస్తే ఇలాగే ఏడుస్తుంది" అన్నాను. "చేతకానివాళ్ళకి ఇవన్నీ ఎందుకు?"

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు. రెండు బల్లల్నీ కలిపి పట్టుకున్న క్లాంపు వదులు చేయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారు?"

"నా బల్ల తీసుకుని ఇంటికి పోతున్నాను. నా చెక్కల్ని అనే హక్కు మీకెవరిచ్చారు? మీ పక్కన నాకొద్దు."

అప్పుడొచ్చాడు మేస్త్రి గారు. గట్టిగా నడవడు, గట్టిగా మాట్లాడడు. వచ్చి ఎస్తేరు గారి చేతిలోంచి స్పానరు తీసుకున్నాడు. "నువ్వుండమ్మా" అన్నాడు. ఆ తరవాత నా వైపు తిరిగి, "ఏది, నీ మట్టం పెట్టు" అన్నాడు.

పెట్టాను. పొడుగ్గా పెట్టాను, అడ్డంగా పెట్టాను. బుడగ ఎటూ కదలలేదు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చాలాసేపు చూశాడు.

"సరిగ్గా ఉంది" అన్నాడు.

"అదేనండీ నేను మొత్తుకుంటున్నది. అందరూ విన్నారు కదా?"

"వింటున్నారులే. తారకం, ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను. ఆవిడ బల్ల సరిచేయిస్తాడు కాబోలు, అందుకు నాది కాస్త జరపాలి కాబోలు అనుకున్నాను. ఆయన ఈ చివర పట్టుకున్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నాకంటే గట్టిగా పట్టుకున్నాడు. నా బల్లని వరసలోంచి లాగి, నడిపించుకుంటూ పోయి హాలు మధ్యలో పెట్టించాడు. చుట్టూ ఎవరి బల్లా లేదు. కాళ్ళ దగ్గర కూచుని, రసమట్టం పెట్టి, ఒక్కొక్క బోల్టే తిప్పి బుడగ మళ్ళీ మధ్యకి తెచ్చాడు. నాకంటే శ్రద్ధగా చేశాడు ఆ పని. ఆ తరవాత నా ఇంజనూ నాలుగు పెట్టెలూ తెచ్చి పట్టాల మీద పెట్టి, కంట్రోలరు నా చేతికిచ్చాడు.

"నడుపు" అన్నాడు.

"ఎక్కడికండీ?"

"నడుపు బాబూ. సరిగ్గా ఉంది కదా."

తిప్పాను. బండి బయల్దేరింది. స్టేషను దాటింది, గేటు దాటింది, బల్ల చివరకి వచ్చేసింది. పరుగెత్తుకెళ్ళి చేత్తో ఆపాను. వెనక్కి నడిపాను. గేటు, స్టేషను, చివర. మళ్ళీ పరుగెత్తి పట్టుకున్నాను.

"ఇదేంటండీ మేస్త్రి గారూ?"

"నడుపు."

ఆయన వెళ్ళిపోయాడు. గోడ పక్క నుంచి ఒక వట్టి బల్ల తెచ్చాడు. ఎవరికైనా జ్వరమొచ్చి రాలేకపోతే వాడేందుకు చేసి ఉంచుకున్నది. దాని మీద పట్టాలు తప్ప ఒక గడ్డిపరక లేదు, రంగు కూడా వేయలేదు. దాన్ని తీసుకెళ్ళి నా జాగాలో పెట్టాడు.

అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఏడాదంతా కళ్ళు పోగొట్టుకుని కట్టిన స్టేషను ఇక్కడ దిక్కులేకుండా ఉంది, నా చోట్లో ఆ దిక్కుమాలిన చెక్క. అక్కణ్ణించే అరిచాను.

"మీకు తెలిసే చేస్తున్నారా? సరిగ్గా చేసినవాణ్ణి బయట పెట్టి వంకరవాళ్ళని వెనకేసుకొస్తారా? ఇందుకేనా నేను మూడేళ్ళు మీ చుట్టూ తిరిగింది?"

ఆయన తల ఎత్తలేదు. "నీది తప్పని నేనన్నానా?"

"అనలేదు."

"మరింకేం? నడుపు."

నడిపాను. కక్షగా నడిపాను. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. ప్రతిసారీ చివర చెయ్యి అడ్డం పెట్టాలి, లేకపోతే నేల మీద పడుతుంది. ఇంజను వేడెక్కింది. పదిన్నర దాటింది. కోపం మాత్రం తగ్గలేదు, పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

ఒకసారి చెయ్యి అందలేదు. ఇంజను చివరి నుంచి జారి కింద పడింది. దాని కోసం వంగి నేల మీద మోకాళ్ళు ఆనించాను. అక్కణ్ణించి చూస్తే బల్లలు కనబడవు, బల్లల కాళ్ళు కనబడతాయి. అవతల ఎస్తేరు గారు కూడా నేల మీదే కూచుని ఉంది. వట్టి బల్లకి సరిపోవాలని తన బల్ల కాలు దించుతోంది. ముందు కాలి కింద నుంచి ఒక అట్టముక్క లాగింది. నాలుగు మడతలు పెట్టిన అట్ట. తరవాత బోల్టు తిప్పడం మొదలుపెట్టింది. ఆ బోల్టు చివరిదాకా బయటికి వచ్చేసి ఉంది. రెండు మరల మీద వేలాడుతోంది. ఆవిడ తిప్పుతోంది, తిప్పుతోంది, ఎంతకీ అవడం లేదు. ఆ కాలు అయ్యాక రెండో కాలి దగ్గరికి జరిగింది. దాని కిందా అట్టే.

నేను మిగతా బల్లల కాళ్ళు చూశాను. ఎవరి బోల్టులూ అలా లేవు. అన్నీ సగానికే ఉన్నాయి, బల్లలన్నీ నేలతోపాటే వాలి ఉన్నాయి. నేను పొద్దుటి నుంచి నోరు పారేసుకుంటున్నంతసేపూ ఆవిడ ఒక్కతే నా బల్ల అందుకోవాలని ఆ బోల్టులు తిప్పుకుంటూ కూచుంది. బోల్టు అయిపోతే అట్ట పెట్టింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోతే ఎంత నరకంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తెలియకేం, నా మీదే. ఇంజను జేబులో వేసుకుని వెళ్ళాను.

"ఎస్తేరు గారూ, మీరు లేవండి. నా బల్ల నేను దించుతాను."

ఆవిడ లేవలేదు. "ఇప్పుడా? అనాల్సినవన్నీ అన్నాకా?"

"తప్పే అన్నాను."

"నా చెక్కల్ని అన్నారు."

"అన్నాను. నా నోరు మంచిది కాదు."

"కాదు" అంది ఆవిడ. స్పానరు నా కాళ్ళ దగ్గర గిరాటేసింది. "నేనింక ఒక్క చుట్టు కూడా తిప్పను. నావీ మీవీ మీరే తిప్పుకోండి."

మేస్త్రి గారు వట్టి బల్ల పక్కకి జరిపాడు. నా బల్ల తెచ్చి దాని జాగాలో పెట్టుకున్నాను. చొక్కా నలుగుతుందని కూడా చూసుకోకుండా బల్లల కింద వెల్లకిలా పడుకున్నాను. నేల ఇంకా తడిగా ఉంది, నిన్నటి సాంబారు వాసన. ముందు ఆవిడ బోల్టులు అందరిలా సగానికి తెచ్చాను. తరవాత నావి దించడం మొదలుపెట్టాను. అతుకు మీద వేలు పెట్టి చూడ్డానికి పైన ఒక మనిషి కావాలి. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కాసేపటికి ఎస్తేరు గారి చెప్పులు నా తల పక్కకి వచ్చి ఆగాయి.

"ఇంకా ఎత్తుగా ఉంది" అంది పైనుంచి. గొంతులో కోపం అలాగే ఉంది.

తిప్పాను.

"ఇంకా."

తిప్పాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఇంక చాలు" అంది. "వేలికి తగలడం లేదు."

క్లాంపు బిగించాను. జేబులోంచి ఇంజను తీసి పైకి అందిస్తే ఆవిడే తీసుకుని పట్టాల మీద పెట్టి, వెనక పెట్టెలు తగిలించింది. నేను లేవబోయాను. మేస్త్రి గారి చెయ్యి నా భుజం మీద పడింది.

"లేవకు. అక్కడే ఉండు" అన్నాడు. "అమ్మా, వదులు."

బండి బయల్దేరింది. కిందనుంటే చెక్కలోంచి చప్పుడు వినబడుతుంది, సన్నగా, ఎవరో గోటితో గీస్తున్నట్టు. హాలంతా చుట్టుకుని వచ్చేదాకా కదలకుండా పడుకున్నాను. నా బల్ల ఎడమ చివరకి వచ్చింది. నా మొహం మీదుగా వెళ్ళింది. పొద్దుట ఎనిమిదిసార్లు విన్న టక్కుమనే చప్పుడు కోసం పళ్ళు బిగించాను.

చప్పుడు అలా సాగి సాగి దూరంగా పోయింది.

మేస్త్రి గారు మోకాలి మీద చెయ్యి ఆనించుకుని కిందికి వంగాడు. ఆయన మొహం తలకిందులుగా కనబడింది.

"నీ బల్ల దిగి ఆవిడ బల్ల ఎక్కడ ఎక్కిందో చెప్పు" అన్నాడు.

బండి రెండో చుట్టు వచ్చింది. కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి విన్నాను. మూడో చుట్టూ విన్నాను.

"తెలియడం లేదండీ" అన్నాను.

"అయితే లే. తలుపులు తియ్యాలి."