జింకు రేకూ, గుమ్మం కాపలా

కామేశం మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. నోరు తెరిచి పని నెత్తిన వేసుకున్నామని కెమిస్ట్రీ విభాగంలో పిల్లలంతా వాపోతుంటారు.

ఆ రోజు ఆ వంతు పైడితల్లికి వచ్చింది. నీళ్ళతో పనిచేసే జింకు బ్యాటరీల మీద ఆమె పరిశోధన. చవకైనవి, నిప్పంటుకోవు. చిక్కల్లా ఏమిటంటే, లోపలి నీళ్ళు జింకు రేకును మెల్లగా తినేస్తాయి. పైగా ఛార్జి చేసినప్పుడల్లా రేకు మీద సన్నటి ముళ్ళు మొలిచి అవతలి వైపుకు పొడుచుకుపోతాయి. అందుకని రేకుకు పూత వెయ్యాలి. పలచగా వేస్తే ముళ్ళు ఆగలేదు. భయం కొద్దీ ఆమె పూత మీద పూత వేసింది. ఇప్పుడు రేకు కొత్తదానిలా నిగనిగలాడుతోంది గాని, జింకు ఆ పూత దాటి రాలేక బ్యాటరీ కరెంటే ఇవ్వడం లేదు. సోమవారం కమిటీ ముందు అది పనిచెయ్యకపోతే ఆమె ఫెలోషిప్ ఆగిపోతుంది.

"మాస్టారూ, రేకును కాపాడితే బ్యాటరీ చస్తోంది. బ్యాటరీని బతికిద్దామంటే రేకు చస్తోంది. నన్నేం చెయ్యమంటారు?" అంది.

మాస్టారు తలెత్తలేదు. బ్యాటరీలను పరీక్షించే యంత్రం ఆయన ముందు విప్పి ఉంది. అది బాగుపడితే గాని పైడితల్లి పని ముందుకు సాగదు.

"నా పని చెడగొట్టేవాళ్ళు రాకుండా కాసేపు గుమ్మం దగ్గర కూర్చో తల్లీ," అన్నారు.

పైడితల్లి కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చుంది. మొదట వచ్చింది పక్క విభాగం లెక్చరరు. ఆయన కబుర్లకు దిగితే సాయంత్రం దాకా లేవరు. ఆయన్ని మర్యాదగానే సాగనంపింది. ఆ గెలుపు తలకెక్కింది. కాఫీ తెచ్చిన అటెండరు కన్నబాబును తర్వాత రమ్మని తిప్పి పంపింది. ఆ తర్వాత సంచి పట్టుకుని ఒక ముసలాయన వచ్చి, మాస్టారే రమ్మన్నారని ఎంత చెప్పినా వినిపించుకోలేదు. ఎవరైనా సరే ఇప్పుడు కుదరదని చెప్పి తలుపు కూడా వేసేసింది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంత గట్టిగా కాపలా కాసే శిష్యురాలు మాస్టారికి ఇదివరకు దొరికి ఉండదని పైడితల్లి లోలోపల మురిసిపోయింది.

మధ్యాహ్నానికి మాస్టారు నీరసంగా బయటికి వచ్చారు. యంత్రం విప్పింది విప్పినట్టే ఉంది. రేడియో రిపేరు సత్యంగారు యంత్రానికి కొత్త బోర్డు తెస్తానన్నారే, ఇంకా రాలేదేమని అడిగారు. పైడితల్లికి సంచి పట్టుకొచ్చిన ముసలాయన గుర్తొచ్చాడు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. బస్సు దొరక్క ఇంకా బస్టాపులోనే నిలబడి ఉన్న ఆయన్ని పట్టుకుని, బతిమాలి, సంచి తనే మోసుకుంటూ వెనక్కి తీసుకొచ్చింది. దారిలో కన్నబాబుకు కాఫీ కూడా చెప్పింది.

సత్యంగారు బోర్డు బిగిస్తున్నంతసేపూ మాస్టారు కాఫీ తాగుతూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేదని పైడితల్లికి అనిపించింది. యంత్రంలో పచ్చ దీపం వెలిగాక ఆమే ఉండబట్టలేక, మళ్ళీ గుమ్మం దగ్గర కూర్చోమంటారా అని అడిగింది.

"కూర్చో," అన్నారు మాస్టారు నవ్వుతూ. "రేకు మీద నీ పూత కూర్చున్నట్టు మాత్రం కూర్చోకు."