అప్పలకొండ వంతు

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టనివాళ్ళు గోల చెయ్యకుండా కూచోండి. అనగనగా అంటే రాజుల కాలం అనుకునేరు! కాదర్రా. మనిషి పుట్టాక ఒక్క ఫోటో దిగితే అదే గొప్ప అనుకునే కాలం. ఆ కాలంలో ఏటి ఒడ్డున ఏడాదికోసారి తీర్థం, అదే జాతర, జరిగేది. ఆ తీర్థంలో ఫోటోల పాపారావు డేరా వేసేవాడు. డేరా పక్కనే అప్పలకొండ అనే ముసలావిడ వేయించిన శనక్కాయలు అమ్మేది. ఆవిడకి నా అన్నవాళ్ళు లేరు. ఓ గంప, ఓ పొయ్యి, ఊరంతా వినపడే గొంతు. అంతే ఆవిడ ఆస్తి.

డేరా లోపల చీకటి. అందుకని పాపారావు ఫ్లాష్ బల్బు పెట్టేవాడు. ఒక్కసారి వెలిగితే ఆ బల్బు మాడిపోయేది. ఠప్పున వెలిగేది, జనం టక్కున కళ్ళు మూసేసేవాళ్ళు. పెళ్ళికొడుకులు మూసేవాళ్ళు. మీసాల పోలీసులు మూసేవాళ్ళు. కోతిని ఆడించేవాడు మూస్తే వాడి భుజమ్మీద కోతి కూడా మూసేది!

నవ్వకండి. అప్పట్లో అది నవ్వే సంగతి కాదు. కళ్ళు మూసిన ఫోటో అంటే పోయినవాళ్ళ ఫోటో కింద లెక్క. ఇంట్లో ఉంచకూడదని ఏట్లో కలిపేసేవాళ్ళు. ఎందరి మొహాలు అలా ఏటిపాలయ్యాయో!

ఒక ఏడు, తీర్థం ఆఖరి రోజు సాయంత్రం, నూకరత్నం అనే పిల్ల వాళ్ళ నాన్నని బండి మీద తీసుకొచ్చింది. ఆయన పేరు గౌరునాయుడు. జబ్బు మనిషి, కూచోబెడితే ఒరిగిపోతున్నాడు. పిల్లకేమో కొత్తగా పెళ్ళయింది, దూరదేశం కాపురానికి వెళ్ళాలి.

"బాబూ, మా నాన్నదీ నాదీ ఒక్క ఫోటో తియ్యవా?" అంది.

"మూడే బల్బులు మిగిలాయమ్మా. డేరా విప్పేస్తున్నాను. వచ్చే ఏడు రా" అన్నాడు పాపారావు.

"వచ్చే ఏటికి నాన్న ఉంటాడని ఎవరు చెప్పగలరు బాబూ? నా చిన్నప్పుడే అమ్మ పోయింది. ఫోటో లేదు. ఎంత తలుచుకున్నా అమ్మ మొహం గుర్తు రావట్లేదు. నాన్న మొహం కూడా అలాగే మర్చిపోతే నేనెలా బతకను?"

పాపారావు డేరా విప్పడం ఆపాడు. బల్బు బిగించాడు. "కదలకండి. గుడ్లప్పగించి చూడండి" అన్నాడు. చూశారు, చూశారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఠప్! పిల్ల మూసేసింది.

రెండో బల్బు బిగించాడు. "గుడ్లప్పగించి చూడండి." చూశారు, చూశారు, కళ్ళు మండాయి. ఠప్! తండ్రి మూసేశాడు.

ఇంక ఒక్కటే బల్బు. నూకరత్నం భోరుమంది.

ఆ ఏడుపు విని అప్పలకొండ గంప వదిలేసి లోపలికొచ్చింది. "ఒరే పాపారావూ, ఉండరా! అంతసేపు గుడ్లు మిటకరిస్తే ఎవరివి మూతపడవు?" అంటూ పోయి నాయుడి వెనకాల కూచుని, రెండు చేతులతో ఆయన్ని ఒరిగిపోకుండా పట్టుకుంది. "నాయుడూ, నువ్వు కళ్ళు మూసుకో" అంది.

"జబ్బు మనిషితో అనే మాటేనా అది!" అని బండివాడు కేకలేశాడు.

"నువ్వు నోర్ముయ్యి. పిల్లా, నువ్వూ మూసుకో. నేను తెరవమన్నప్పుడు తెరవండి. ఆ కెమెరా పెట్టెలోంచి మీ అమ్మ తొంగి చూస్తోంది అనుకుని చూడండి" అంది.

తండ్రీ కూతురూ మూశారు. పాపారావు ఆఖరి బల్బు బిగించాడు.

"మూయండి... మూసే ఉంచండి... తెరవండి!"

ఠప్!

"తెరిచారు! ఇద్దరూ తెరిచారు!" అని పాపారావు చిన్నపిల్లాడిలా గెంతాడు.

మర్నాడు పొద్దున్న ఫోటో చేతికొచ్చింది. తండ్రీ కూతురూ కళ్ళింతలు చేసుకుని, ఎవరో అయినవాళ్ళని చూసినట్టు చూస్తున్నారు. వెనకాల అప్పలకొండ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునుంది!

"చెప్పినదానివి నువ్వే మూశావేంటత్తా!" అని పాపారావు పడీ పడీ నవ్వాడు.

"వీళ్ళ కళ్ళు తెరిపించు తల్లీ అని దణ్ణం పెట్టుకుంటూ, నా సంగతి మర్చిపోయానురా" అంది.

"వచ్చే తీర్థానికి నీ ఒక్కదానికే తీయిస్తా మామ్మా" అంది నూకరత్నం, ఆవిడ చేతులు పట్టుకుని.

వానాకాలం వెళ్ళకుండానే నాయుడు పోయాడు. చలికాలంలో అప్పలకొండ కూడా జ్వరంతో పోయింది. తీర్థానికి వచ్చిన నూకరత్నం డేరా పక్కన ఆవిడ ఖాళీ చోటు చూసి కూలబడి ఏడ్చింది. అప్పలకొండకి ఇంకో ఫోటో అంటూ లేదు. పాపారావు ఆ ఫోటోలోంచే ఆవిడ మొహం పెద్దది చేసి, పటం కట్టి డేరా ముందు పెట్టాడు.

"కళ్ళు మూసిన ఫోటో పెడతావా? తీసి ఏట్లో వెయ్యి" అన్నారు పెద్దమనుషులు.

నూకరత్నం పటానికి అడ్డంగా నిలబడింది. "మా నాన్న కళ్ళు తెరవాలని మూసుకున్న కళ్ళివి. వేసేవాళ్ళు రండి, చూస్తాను!" అంది. ఒక్కడు ముందుకొస్తే ఒట్టు. ఆ పైన మా వైపు ఎవరూ ఫోటోల్ని ఏట్లో వెయ్యలేదు.

ఇప్పుడు సెల్‌ఫోన్లలో గంటకి వంద తీస్తున్నారనుకోండి. అయినా పెళ్ళిళ్ళలో అందరం వరసగా నిలబడ్డాక ఎవరో ఒకరు గట్టిగా అరుస్తారు: "మూయండి... మూసే ఉంచండి... తెరవండి!" అందరూ తెరుస్తారు. ఎవరో ఒకరు మూసే ఉంటారు. మళ్ళీ తీద్దామని ఆ మనిషి సిగ్గుపడుతూ అంటే మా వాళ్ళు ఒప్పుకోరు. "పోనీలే, ఇవాళ అప్పలకొండ వంతు నీది" అంటారు. ఆ ఫోటోనే పటం కట్టి గోడకి పెడతారు.