ఒట్టి తట్ట

వరాహమూర్తి మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అడిగినవాళ్లకు ఒళ్లు మండుతుంది. విశాఖపట్నం చేపల రేవు వెనక సందులో, రేకుల షెడ్డులో చిన్న చిన్న యంత్రాలు తయారుచేసే ఆయన దగ్గర ప్రసూన మూడేళ్లుగా పని నేర్చుకుంటోంది. ఆ మంట ఆమెకు కొత్తేమీ కాదు. అయినా వేట నిషేధం ముగిసిన ఆ ఉదయం మాత్రం ఆమె ఓర్పు అడుగంటింది.

సాయంత్రం అయిదింటికి ఎనిమిది బోట్లు సముద్రంలోకి వెళ్తున్నాయి. ప్రతి బోటులోనూ ఆమె చేసిన సబ్బుపెట్టెంత పరికరం ఒకటి బిగించాలి. ఆకాశం నుంచి వచ్చే వాతావరణ కబుర్లను అది పట్టి, యూఎస్‌బీ తీగ గుండా బోటులోని కంప్యూటరుకు అందిస్తుంది. కంప్యూటరు దాన్ని నెట్‌వర్క్ కార్డుగా చూస్తుంది. పరికరం మాత్రం తనంతట తాను నోరెత్తకూడదు. కంప్యూటరు "ఏమైనా ఉందా?" అని అడిగినప్పుడల్లా ఒక ముక్క అందించాలి. నిండు ముక్క అంటే అయిదువందల పన్నెండు బైట్లు. అలా ముక్కలు ముక్కలుగా కబురంతా వెళ్లాలి, వెళ్తోంది కూడా. కాని ఎప్పుడో ఒకసారి, కబురు మొత్తం వెళ్లిపోయాక కూడా, కంప్యూటరు ఇంకా ఏదో వస్తుందని కాచుకుని కూర్చుంటోంది. తరవాతి కబురు వచ్చి దానికి అతుక్కుని, రెండూ పాడవుతున్నాయి.

"మాస్టారూ, పంపాల్సిందంతా పంపాను. ఒక్క బైటు కూడా మిగల్లేదు. ఇంకా దేనికోసం చూస్తోందండీ అది?" అని అడిగింది ప్రసూన. వెంటనే గొంతు తగ్గించి, "వందకి తొంభైతొమ్మిది బాగానే చేరుతున్నాయి కదా, ఈ పూటకి ఇచ్చేద్దామండీ" అంది.

"ఆ వందోది ఏ రోజు వస్తుందో తెలుసా?" అన్నారు మాస్టారు. అని ఊరుకోలేదు. ఎదురింటికి స్లాబు వేస్తున్నారు, అక్కడ కూలిపని చేసే పైడితల్లికి నడుం పట్టేసింది, వెళ్లి కాసేపు ఆమెకు సాయం పట్టమన్నారు.

ప్రసూన లోలోపల తిట్టుకుంటూనే వెళ్లింది. అక్కడ మిక్సరు ఒక్కో వాయి కాంక్రీటునూ కలిపి కుప్పగా దిమ్మరిస్తోంది. పైడితల్లి పారను ప్రసూన అందుకుంది. పారతో తట్ట నింపి అందిస్తే, నిచ్చెన వెంట నిలబడ్డ పదిమంది చేతులు మారి అది మేడమీదికి వెళ్తుంది. పైన ఉన్న అప్పలకొండ మేస్త్రీకి కింది కుప్ప కనబడదు. సగం తట్ట వచ్చిందంటే ఆ వాయి అయిపోయినట్టు. అప్పుడతను బద్ద తీసుకుని, పోసినదంతా చదును చేస్తాడు. రెండు వాయిలు అలాగే నడిచాయి.

మూడో వాయిలో ఆఖరి తట్ట కూడా నిండుగానే వెళ్లింది. కింద నేల ఊడ్చినట్టు ఉంది. ప్రసూన గర్వంగా చేతులు దులుపుకుంది. పైన మేస్త్రీ మాత్రం చేతులు చాచి నిలబడే ఉన్నాడు. నిచ్చెన మీద పదిమందీ చాచారు. ఎండ చుర్రుమంటోంది, పోసిన కాంక్రీటు బిగుసుకుంటోంది. మేస్త్రీ ఏదో అరిచాడు, మిక్సరు రొదలో ఒక్క ముక్కా వినబడలేదు. "అయిపోయింది!" అని ప్రసూన తిరిగి అరిచింది. అదీ అంతే.

పైడితల్లి నడుం పట్టుకుని లేచి వచ్చి, ఒట్టి తట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టింది. "ఇది పంపమ్మా."

"ఇందులో ఏమీ లేదు కదా!"

"ఏటీ లేదనే పంపమంటన్నాను. ఆడు మేడ మీదున్నాడు. కింద అయిపోనాదని ఆడికెలాగ తెలుస్తాది?"

నిండు తట్ట వెళ్లినంత మర్యాదగా ఆ ఒట్టి తట్ట చేతులు మారి పైకి వెళ్లింది. అప్పలకొండ అందుకున్నాడు, లోపలికి ఒకసారి చూశాడు, పక్కన పెట్టి బద్ద తీశాడు.

ప్రసూన పార అక్కడే పడేసి, సిమెంటు కాళ్లతోనే షెడ్డులోకి పరుగెత్తింది. పాడైన కబుర్ల కొలతలు తీసి చూసింది. అయిదువందల పన్నెండు. వెయ్యిన్నీ ఇరవైనాలుగు. మళ్లీ అయిదువందల పన్నెండు. అన్నీ నిండు ముక్కలతో ముగిసినవే! ఆఖరి ముక్క కొంచెం తక్కువగా వస్తే అయిపోయిందని కంప్యూటరు గ్రహిస్తోంది. నిండుగా వస్తే పాపం దానికెలా తెలుస్తుంది? "ఒట్టి తట్ట పంపలేదు మాస్టారూ! నేను ఒట్టి తట్ట పంపలేదు!" అని రేకులు అదిరేలా కేక పెట్టింది. నిండుగా ముగిసే ప్రతి కబురు వెనకా ఏమీ లేని ముక్క ఒకటి వెళ్లేలా ప్రోగ్రాం మార్చింది. ఆనందంలో ఒక్క పంక్తిని మూడుసార్లు తప్పు కొట్టింది. కావాలనే ఆ కొలతల్లోనే వెయ్యి కబుర్లు తయారుచేసి వదిలింది. వెయ్యీ చేరాయి. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మాస్టారు మాత్రం ఆ సిమెంటు అడుగులు ఎవరు కడుగుతారన్నట్టు నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

మూడింటికి బోటు సరంగు నూకరాజు వచ్చాడు. "మాస్టారూ, పెట్టెలు బిగించడానికి తమరే వస్తారు కదండీ?"

"ఆవిడ వస్తుంది" అన్నారు మాస్టారు ప్రసూనను చూపించి.

ఈ మూడేళ్లలో ఆయన లేకుండా ప్రసూన బోటెక్కి ఎరగదు. పనిముట్లు సర్దుకుని గుమ్మం దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చి ఆయన ఎదుట నిలబడింది. "ఇంకేమైనా చెబుతారాండీ?" అంది, చేతులు రెండూ తెలియకుండానే ముందుకు చాచి.

మాస్టారు లేచారు. ఖాళీ దోసిలి పట్టి, నిండు తట్టను అందించినంత జాగ్రత్తగా ఆమె చేతుల్లోకి ఒంపారు.

"అందిందా?" అన్నారు.