మినహాయించిన సబ్జెక్టు

ఎం.టెక్‌లో చేరినవాళ్లు నిబంధనల గురించి ఏదైనా అడిగితే ఆచార్య మాడుగుల అనసూయ గారు నిబంధనల పుస్తకం తెరిచేవారు కాదు. అడిగినవాళ్లను కూర్చోబెట్టి, అంతకుముందు ఆ విభాగంలో చదివినవాళ్ల సంగతి ఒకటి చెప్పేవారు. అది జవాబో కాదో తేల్చుకునే పని వినేవాళ్లదే.

ఆ ఏడాది కంప్యూటర్ ఇంజనీరింగులో కోరాడ ఈశ్వరరావు అనే అతను చేరాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, విశాఖపట్నంలో చాలాకాలం ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసి, గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని వచ్చినవాడు. సీటు ఇచ్చారు గాని ఒక షరతు పెట్టారు. కంప్యూటర్లు చదవలేదు కనుక ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటి మూల సబ్జెక్టులు బి.టెక్ రెండో సంవత్సరం పిల్లలతో కూర్చుని చదివి పాసు కావాలి. వాటికి క్రెడిట్లు ఉండవు. అవి పాసయ్యాకనే థీసిస్ మొదలుపెట్టనిస్తారు. ఈశ్వరరావుకు ఇది చిన్నతనంగా తోచింది. తన అనుభవం చూసి మినహాయింపు ఇప్పించమని అనసూయ గారి గదికి వెళ్లాడు.

"ఏళ్ల తరబడి చేస్తున్న పనిని మళ్లీ పిల్లల పక్కన కూర్చుని నేర్చుకోమంటున్నారు. ఈ అర్హతలన్నీ పూర్తి చేస్తేనే మనిషి ఇంజనీరు అవుతాడా, మేడమ్?" అని అడిగాడు.

ఆవిడ అవుననలేదు, కాదనలేదు. సలోమి, చక్రధర్ అనే ఇద్దరి సంగతి ఎత్తుకున్నారు.

సలోమి కూడా ఈశ్వరరావులాగే వేరే చదువు చదివి, ఉద్యోగం చేసి వచ్చింది. అనుభవం చూసి కమిటీ ఆమెకు ఆపరేటింగ్ సిస్టమ్స్ మినహాయించింది. చక్రధర్ అదే సబ్జెక్టు బి.టెక్‌లోనే చదివి, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి ఊళ్లోని పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకుకు ఒక ప్రోగ్రాం తయారుచేశారు. ఏ గ్రూపు రక్తం ఎంత ఉందో వార్డులోంచే చూసుకోవచ్చు. కావలసిన ప్యాకెట్‌ను అక్కడినుంచే రోగి పేరున కేటాయించుకోవచ్చు. థీసిస్ పూర్తయింది, ఆసుపత్రివాళ్లు వాడుకోవడం మొదలుపెట్టారు. ఇక వైవా ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం బి నెగెటివ్ ప్యాకెట్ ఒక్కటే ఉంది. కాన్పుల వార్డు నర్సూ, ప్రమాదాల వార్డు నర్సూ దాన్ని ఒకేసారి అడిగారు. ప్యాకెట్ ఉందా లేదా అని ప్రోగ్రాం ముందు చూసుకుంటుంది, ఆ తర్వాత పేరు రాస్తుంది. మొదటివాళ్ల పేరు రాసేలోపే రెండోవాళ్లకూ ఉందని చెప్పేసింది. రెండు వార్డుల్లోనూ తెర మీద కేటాయించినట్టే కనిపించింది. ఆ ధైర్యంతో కాన్పుల వార్డులో ఒక అమ్మాయికి ఆపరేషన్ మొదలుపెట్టారు. రక్తం కోసం ఆ అమ్మాయి తల్లి కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి ప్యాకెట్ ప్రమాదాల వార్డుకు వెళ్లిపోయింది. పక్క ఊరి నుంచి తెప్పించేదాకా డాక్టర్లు ఎలాగో నెట్టుకొచ్చారు. ఆ అమ్మాయీ బిడ్డా దక్కారు. అమ్మాయి మాత్రం చాలాకాలం మంచం దిగలేకపోయింది.

ఆసుపత్రి నుంచి కబురు రాగానే ఇద్దరూ వెళ్లారు. చక్రధర్ వింటూనే లోపం గుర్తుపట్టాడు. పాఠంలో దానికి ఏం పేరుందో కూడా చెప్పాడు. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపే ఏర్పాటు ఆ సాయంత్రమే చేసేశాడు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. సలోమి కాన్పుల వార్డుకు వెళ్లింది. అక్కడ ఆ అమ్మాయి తల్లి ఆమెను డాక్టరనుకుని ఒక్కటే మాట అడిగింది.

"తెర మీద మా పిల్ల పేరు ఉందమ్మా. నర్సమ్మే చూపించింది. మరి రక్తం ఎవరికిచ్చారు?"

సలోమి ఏం చెప్పిందో అనసూయ గారికి తెలియదు.

వైవా జరిగింది. లోపాన్నీ, దిద్దుబాటునూ థీసిస్‌లో చేర్చి ఇద్దరూ పాసయ్యారు. చక్రధర్ హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. సలోమికి ఊళ్లోనే చిన్న కంపెనీలో పని దొరికింది. కొత్త సెమిస్టరు మొదలైనప్పుడు ఆమె అనసూయ గారి దగ్గరికి వచ్చి, ఆఫీసుకు వెళ్లేముందు ఆవిడ చెప్పే ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో కూర్చుంటానని అడిగింది. డిగ్రీ చేతికొచ్చాక ఎందుకని ఆవిడ అడగలేదు. సలోమి రోజూ పొద్దున పిల్లలకంటే ముందే వచ్చి వెనక బెంచీలో కూర్చునేది.

ఇద్దరు ఒకే వస్తువును ఒకేసారి అడిగితే ఒకరిని ఎలా ఆపాలో చెప్పే పాఠం వచ్చిన రోజున, అంతవరకూ నోరు విప్పని సలోమి లేచి నిలబడింది.

"ఒకరిని ఆపుతాం, సరే మేడమ్. ఆగినవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు?"

పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. చక్రధర్ దిద్దిన ప్రోగ్రాంలోనూ దానికి జవాబు లేదు. ఆగినవాళ్ల తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది, అంతే. వార్డులో ఉన్నవాళ్లు దాన్ని చూస్తూ కూర్చునేవారు. ఆ ఆదివారం సలోమి ఆసుపత్రికి వెళ్లి, రక్తం ఇంకొకరికి ఇచ్చేశామనీ, ఫలానా చోట వెంటనే అడగండనీ ఆ తెర మీద కనిపించేలా మార్చి వచ్చింది.

అనసూయ గారు అక్కడితో ఆపేశారు. ఈశ్వరరావు మినహాయింపు మాట మళ్లీ ఎత్తడానికి మొహమాటపడ్డాడు. చివరికి, సెమిస్టరంతా అలా వచ్చినందుకు ఆమె డిగ్రీలో ఆ సబ్జెక్టును ఏ విధంగానైనా చూపించారా అని అడిగాడు.

"లేదు. ఆ క్లాసు హాజరు పట్టీలో ఆమె పేరు ఎప్పుడూ పిలవలేదు" అన్నారు అనసూయ గారు.