పెద్దరాణిగారి పాత రథం

సింగవరం రాజు నరహరి రాయుడికి ఒకనాడు కొత్త రథాల మీద విరక్తి పుట్టింది. కొత్తవి కుదుపుతాయట. వచ్చే పౌర్ణమికి రాజమాత కొండమీది స్వామి దర్శనానికి వెళ్ళాలి. ఆమె కోసం నాలుగు దారులు చూసిన నమ్మకమైన పాత రథం తెచ్చినవాడికి తన వేలి ఉంగరం ఇస్తానన్నాడు.

మర్నాడే ఉద్దండరాజు ఒక రథం తోలించుకొచ్చాడు. ఈయన అశ్వశాలకు అధ్యక్షుడు. గుర్రానికి ముందెటో వెనకెటో తెలిసినంత వరకు పండితుడే, ఆపైన అంతా మీసమే.

"పొరుగు రాజ్యపు పెద్దరాణిగారిది ప్రభూ. ఆవిడొక్కరే వాడారు. అదీ శుక్రవారం శుక్రవారం గుడికి" అన్నాడు.

సభంతా ఆహా అంది. రాజుగారి ముందు ఏం పెట్టినా ఆహా అనడానికే వాళ్ళకు జీతం. విదూషకుడు మల్లుభట్టుకు మాత్రం ఒళ్ళు మండింది. రథమంతా పలచగా వేసిన రంగు ఇరుసు దగ్గర వేలెడు మందాన ఉంది. కింద ఏదో బీట దాచారు. కొండదారిలో అది విరిగితే రాజమాత లోయలో పడుతుంది. ఆ మాటే పైకి చెప్పాడు.

హాస్యాలాడేవాడికి ఇరుసులతో పనేమిటని ఉద్దండరాజు వెక్కిరించాడు. రుజువు చెయ్యకపోతే కొలువు వదిలి మూట సర్దుకోమన్నాడు రాజు.

ఉద్దండరాజుకు అక్కడితో ఆగాలనిపించలేదు. "రథం మాట అలా ఉంచండి. దాంతో వచ్చిన పెద్దరాణిగారి గుర్రాలకు ఎంత భక్తి! పగ్గం పట్టకపోయినా, ఏ ఊళ్ళోనైనా నేరుగా గుడికే పోతాయి" అన్నాడు.

మల్లుభట్టు చేతులు కట్టుకున్నాడు.

"అయితే పగ్గం వదిలేద్దాం ప్రభూ."

ఉద్దండరాజుకు దగ్గొచ్చింది. ఎండ ఎక్కువన్నాడు, వర్జ్యం అన్నాడు. రాజు అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. చదును వీధుల్లో రథం మెల్లగా కదిలింది. వెనకాల సభంతా నడిచింది.

గుర్రాలు గుడి వీధి వైపు తలైనా తిప్పలేదు. తిన్నగా వెళ్ళి కల్లుపాక ముందు ఆగాయి. పాకవాడు తలెత్తి చూడకుండానే కుండలు తెచ్చి రాజుగారి కాళ్ళ దగ్గర సర్ది లోపలికి పోయాడు. బరువు పడగానే గుర్రాలు మళ్ళీ బయలుదేరి, ఉద్దండరాజు ఇంటి పెరట్లోకి దూరి కుడితితొట్టిలో మూతులు పెట్టాయి.

వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, ఈ డొక్కుబండిని రాజుగారికి అంటగడతానన్నారు కదా. మళ్ళీ మన ఇంటికే తెచ్చారేం?"

రాజు మల్లుభట్టు వైపు తిరిగాడు. "ఇదేం గుడయ్యా?"

"అయ్యవారు నిజమే చెప్పారు ప్రభూ. పగ్గం వదిలితే నేరుగా వాటి దేవుడింటికే వచ్చాయి."

"అయితే పౌర్ణమికి ఆ దేవుణ్ణే ఇందులో కొండెక్కిద్దాం" అన్నాడు రాజు.

ఉద్దండరాజు కాళ్ళమీద పడ్డాడు. "వద్దు ప్రభూ, ఇరుసు సగం విరిగే ఉంది."

రాజు కల్లుకుండలు దొర్లేలా నవ్వి, ఉంగరం తీసి మల్లుభట్టు వేలికి తొడిగాడు.