నీళ్లు తాగని పిల్లలు

అనగనగా... మరీ అంత పాతకాలం కాదులే తల్లీ, ఈమధ్యనే, ఎర్రమిట్ట అని ఒక ఊరుండేది. ఊరి చివర కందిచేల పక్కన చిన్న బడి. ఆ బడిలో వెంగమాంబ అని ఒక పిల్ల మూడో తరగతి చదివేది. అందరూ దాన్ని వెంగు అనేవాళ్లు.

వెంగుకి ఎక్కాలంటే ప్రాణం. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెద్దసారు దాన్ని ముందు నిలబెట్టి ఎక్కాలు చెప్పించేవాడు. అది పాటలాగా చెబుతుంటే పిల్లలంతా వెనకాలే అనేవాళ్లు. ఆ పెద్దసారు పేరు దానియేలు. మంచివాడే. పిల్లల్ని కొట్టేవాడు కాదు.

వెంగు పక్కనే పర్వీను కూర్చునేది. ఇద్దరూ కలిసే బడికి వచ్చేవాళ్లు, కలిసే తినేవాళ్లు.

అప్పుడు ఆ బడికి కొత్తగా బాత్రూము కట్టారు. గులాబీ రంగు వేసి, గోడల మీద పిల్లల బొమ్మలు గీశారు. ఒక తలుపు మీద ఆడపిల్లలు అనీ, ఇంకో తలుపు మీద మగపిల్లలు అనీ రాశారు. తెరిచిన రోజున అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు చూస్తే తాళం.

తెరిచి ఉంచితే రాత్రిళ్లు ఎవరన్నా వచ్చి పాడుచేస్తారని సారు భయం. టీచర్ల బాత్రూము తాళంచెవితో పాటు దీని తాళంచెవి కూడా ఆయన జేబులోనే ఉండేది. ఒకరోజు పాఠం మధ్యలో వెంగు చిటికెనవేలు చూపించింది.

"ఇంటర్వెల్ దాకా ఆగలేవా అమ్మా?" అన్నాడు సారు.

తరగతంతా వెనక్కి తిరిగి చూసింది. వెంగు చెయ్యి దించేసుకుంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తాళం తీశారు. ఆయన చూసి వెళ్లిపోయాడు. తాళం మళ్లీ వెయ్యలేదు కానీ లోపల నీళ్లు లేవు. బోరింగు దగ్గర కొట్టి బకెట్టుతో మోసుకెళ్లాలి. ఎవరు మోస్తారు? నాలుగు రోజులకే దాని ముందు నుంచి నడవాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. వెంగు ఒకసారి గౌను పైకెత్తి పట్టుకుని గడప దాకా వెళ్లింది. లోపలికి చూసి వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత కుళాయి పెట్టారు. కడగడానికి ఒక ఆయమ్మ కూడా వచ్చింది. ఇక బాగుందనుకున్నారు పిల్లలు. ఇంతలో తలుపు లోపలి గడియ ఊడిపోయింది. ఐదో తరగతి మగపిల్లలకి అదొక ఆట అయిపోయింది. ఆడపిల్ల లోపలికి వెళ్తే చాలు, పరిగెత్తుకొచ్చి తలుపు తోసి కేకలు పెట్టుకుంటూ పారిపోయేవాళ్లు. ఒకరోజు వెంగు లోపలుంటే పర్వీను బయట తలుపు పట్టుకుని నిలబడింది. పర్వీనుని పక్కకి లాగేసి మరీ తోశారు.

ఆ రోజు నుంచి ఆడపిల్లలు అటు వెళ్లడం మానేశారు. మగపిల్లలకేం, గోడ వెనక్కి పోతారు. ఆడపిల్లలు ఎక్కడికి పోతారు చెప్పు? అందుకని వాళ్లు నీళ్లు తాగడం మానేశారు. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఒకరినొకరు అడగను కూడా లేదు. ఎవరికి వాళ్లే మానేశారు.

వెంగు వాళ్లమ్మ కొండమ్మ పొద్దున్నే సీసా నిండా నీళ్లు పోసి పంపేది. వెంగు ఆ నీళ్లు ఇంటికొచ్చే దారిలో కందిచేలో వంపేసి, ఖాళీ సీసా తెచ్చి అమ్మ చేతికిచ్చేది.

అలా కొన్నాళ్లకి వెంగుకి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ఒంటికి పోతే మంట. కొండమ్మ అది ఎండ వేడి అనుకుంది. సబ్జా గింజలు నానబెట్టి, పెద్ద గ్లాసు నిండా కలిపి, దగ్గరుండి తాగించి బడికి పంపింది.

ఆ మధ్యాహ్నం వెంగు ఎప్పటిలాగే ముందు నిలబడి ఏడో ఎక్కం మొదలుపెట్టింది. సగం దాకా బాగానే చెప్పింది. ఆ తర్వాత ఆగిపోయింది. కాళ్లు దగ్గరగా పెట్టుకుంది. గౌను పిడికిళ్లతో పట్టుకుంది. పిల్లలు తర్వాతి మాట కోసం చూస్తున్నారు.

అప్పుడు దాని కాళ్ల కింద నేల తడిసింది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో పర్వీను నవ్వు కూడా ఉంది. వెంగుకి మిగతావేవీ వినపడలేదు. అదొక్కటే వినపడింది.

"ఇంటికెళ్లు తల్లీ, పర్లేదు" అన్నాడు సారు.

వెంగు సంచీ తీసుకుని గౌను వెనక అడ్డంగా పట్టుకుంది. వీధి పొడుగునా తలెత్తకుండా నడిచింది. ఇంటికొచ్చి, గౌను తనే ఉతుక్కుని, తనే ఆరేసుకుంది. అమ్మకి చెప్పలేదు. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, "పాప నీళ్లు తాగదా? ఒంటికి వస్తే ఆపుకుంటోందా?" అని అడిగింది.

"సీసా నిండా పంపిస్తానమ్మా, ఖాళీ చేసుకునే వస్తది" అంది కొండమ్మ.

డాక్టరమ్మ వెంగు వైపు చూసింది. వెంగు గోడ వైపు తిరిగింది.

మందులతో జ్వరం తగ్గింది. కానీ బడి మాటెత్తితే వెంగు దుప్పటి ముసుగేసుకునేది. పర్వీను చూడ్డానికొచ్చినా ముసుగు తియ్యలేదు. పర్వీను కాసేపు మంచం పక్కన నిలబడి వెళ్లిపోయింది.

అప్పుడు బడిలో ఏమైందో విను. వెంగు రావడం లేదు కదా, సారు పర్వీనుని పిలిచి ఎక్కాలు చెప్పమన్నాడు. పర్వీను లేచి వెళ్లి వెంగు నిలబడే చోట నిలబడింది. ఎక్కం మాత్రం మొదలుపెట్టలేదు.

"రావా?" అన్నాడు సారు.

"వచ్చు సార్. ఆరోజు నేను కూడా నవ్వాను సార్."

సారుకి అర్థం కాలేదు.

"వెంగుకి అట్టా అయితే నేను నవ్వాను. నేను కూడా రోజూ ఆపుకుంటాను సార్. నాకు కాలేదు, దానికయింది. అంతే."

"ఎందుకాపుకోవడం? బాత్రూము ఉంది కదా?"

"గడియ లేదు సార్. మేం లోపలుంటే ఐదో తరగతి వాళ్లు తలుపు తోస్తారు."

సారు తరగతి వైపు తిరిగాడు. ఆడపిల్లలంతా బల్లల కేసి చూస్తున్నారు.

"మీ నీళ్ల సీసాలు పైన పెట్టండి" అన్నాడు మెల్లగా.

పెట్టారు. మగపిల్లల సీసాలు ఖాళీగా ఉన్నాయి. ఆడపిల్లల సీసాలు పొద్దున ఇంటి దగ్గర నింపిన నీళ్లతో అట్టాగే ఉన్నాయి. బయట ఎండ మండిపోతోంది.

సారు చెయ్యి జేబులోకి పోయింది. టీచర్ల బాత్రూము తాళంచెవి అక్కడే ఉంది. దాన్ని వేళ్లతో తడుముకుంటూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఈ పిల్లలు ఇంత బుద్ధిగా ఎలా కూర్చుంటున్నారని ఆయన మురిసిపోయేవాడు. ఆ సంగతి తలుచుకుని ఆయన మొహం చిన్నబోయింది.

ఆ సాయంత్రం ఆయనే కొట్టుకెళ్లి గడియ కొనుక్కొచ్చి బిగించాడు. చేతకాని చేత్తో బిగించాడేమో, కాస్త వంకరగా వచ్చింది. పడుతుంది మాత్రం. తర్వాత ఐదో తరగతి వాళ్లని పిలిచి, వాళ్లు తోసిన తలుపు వెనక ఉన్న పిల్లకి జ్వరం ఎందుకొచ్చిందో చెప్పాడు. వాళ్లు తలలు దించుకున్నారు. ఇకనుంచి ఒంటికి వస్తే ఎవరూ వేలు చూపించక్కర్లేదు, అడగక్కర్లేదు, లేచి వెళ్లిపోవడమే అని బడంతటికీ చెప్పాడు.

ఆ తర్వాత వెంగు వాళ్లింటికి వెళ్లాడు, పర్వీనుని వెంటబెట్టుకుని. వెంగు తలుపు చాటున దాక్కుంది. సారు బడిలో జరిగిందంతా కొండమ్మకి చెప్పి, వెంగుకి వినపడేలా అన్నాడు:

"బిడ్డ సిగ్గుపడే పని ఏమీ చెయ్యలేదమ్మా. అడిగిన పిల్లని ఆగమన్నది నేను. సిగ్గుపడాల్సింది నేను."

కొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "కన్నతల్లిని. నొప్పని చెబితే వేడి అనుకున్నాను గానీ, బళ్లో ఎక్కడికి పోతావే అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు సారూ" అంది.

వెంగు బయటికి రాలేదు. సారు వెళ్లిపోయాడు. పర్వీను గడప మీద కూర్చుంది.

"నేను నవ్వాను వెంగూ" అంది.

"విన్నాను" అంది తలుపు చాటు నుంచి వెంగు.

పొద్దుపోయేదాకా ఒకతె ఇటు, ఒకతె అటు అట్టాగే కూర్చున్నారు. మర్నాడు బడికి పోయే వేళకి పర్వీను మళ్లీ వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆ మర్నాడు కూడా వచ్చింది. అలా వస్తూనే ఉంది. ఒకరోజు వెంగు సంచీ తగిలించుకుని బయటికొచ్చింది.

సిగ్గు పోయిందా అని అడుగుతున్నావా? ఎక్కడ పోతుంది తల్లీ అంత తొందరగా. తను నిలబడ్డ చోటు తొక్కకుండా పక్కనుంచి వెళ్లి వెంగు తన బల్ల మీద కూర్చుంది. ఎవరి మొహమూ చూడలేదు. ఎక్కాలు చెప్పమని సారు కూడా అడగలేదు.

మధ్యాహ్నం సారు నల్లబల్ల మీద ఏదో రాస్తున్నాడు. అప్పుడు వెంగు లేచింది. వేలు చూపించలేదు, అడగలేదు. తల దించుకునే బయటికి నడిచింది. కాసేపటికి గడియ పడ్డ చప్పుడు అందరికీ వినపడింది.

ఎవరూ నవ్వలేదు.

అది తిరిగొచ్చాక పర్వీను లేచి వెళ్లింది. ఆ తర్వాత ఇంకో పిల్ల లేచింది. ఆ తర్వాత అదే గదిలో ముందు కూర్చునే రెండో తరగతి చిన్నపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్లారు. సారు రాయడం ఆపేశాడు. సుద్దముక్క పట్టుకుని, నల్లబల్ల వైపే మొహం పెట్టుకుని, ఆఖరి పిల్ల వచ్చి కూర్చునేదాకా వెనక్కి తిరగలేదు.

అదీ కథ. ఇక లే నా తల్లీ, ఒంటికి పోయిరా. నేను ఇక్కడే ఉంటాను. వచ్చాక పడుకుందువు గానీ.

పోయె పోయె కథ కంచికి,
వస్తిమి వస్తిమి మనం ఇంటికి,
రావే రావే కునుకమ్మా
మా చిట్టితల్లి కంటికి.