జంకుపిట్ట రెండో ముడి

అనగనగా, ఈతచెట్లు ఏటి మీదికి వంగి తమ నీడ తామే చూసుకుని మురిసిపోయే కాలాన, ఒక ఏటిగట్టున గిజిగాళ్ళ గుంపు కాపురం ఉండేది.

ఆ గుంపులో ఒక చక్కని ఆచారం ఉంది. తొలకరికి ముందే మగపిట్టలు కొమ్మల చివర సగం గూడు అల్లి, రెక్కలాడిస్తూ ఆడపిట్టలను పిలిచేవి. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే ఊ అనేది. అప్పుడే మగపిట్ట మిగతా సగం అల్లేది. నచ్చకపోతే పడ్డ కష్టమంతా ఏటిపాలే!

అక్కడ చిత్రముఖి అనే ఆడపిట్ట ఉండేది. మహా దుడుకుది. కాకి వస్తే అందరూ ఆకుల్లో దూరేవారు, తాను మాత్రం ఎదురెళ్ళి రెండు పొడిచి వచ్చేది. ఆ దుడుకుతోనే కిందటేడు గూటి వైపైనా చూడకుండా, ఒక మగపిట్ట పసుపుపచ్చ తల మెరుపు చూసి ఊ అనేసింది. తొలి గాలివానకే గూడు తెగింది. గుడ్లు ఏట్లో కలిశాయి. పాపం, ఆ తల్లి ఎన్నాళ్ళు ఏటివైపు చూస్తూ కూర్చుందో!

"ఈసారి తల చూడకే తల్లీ, గూడు చూడు," అంది పెద్దమ్మ పిట్ట. "కాలితో తన్ను. ముక్కుతో లాగు. లోపల కూర్చుని ఊగు. ఆ తర్వాతే నోరు విప్పు."

సరేనని బయలుదేరింది చిత్రముఖి.

ముందు శూరసేనుడు ఎదురొచ్చాడు. "రా రాణీ! నా గూటి దరిదాపులకు తొండ కూడా రాదు. నిన్ననే డేగను తరిమాను!"

చిత్రముఖి మనసు అటే లాగింది. తనలాంటివాడే కదా! అయినా పెద్దమ్మ మాట మీద ఒక్క తన్ను తన్నింది. గూడు కొమ్మ నుంచి జారి వేలాడింది.

"యుద్ధాల మధ్య ముళ్ళు వేసే తీరిక ఎక్కడిది?" అన్నాడు శూరసేనుడు, లేని మీసం దువ్వుకుంటూ.

తర్వాత కలకంఠుడు పాట అందుకున్నాడు. గూటి అంచు నిండా తంగేడు పూరేకులు అద్దాడు. చిత్రముఖి తలూపుతూనే ఒక పోగు లాగింది. దాని వెంట ఇంకోటి, దాని వెంట మరోటి. పాట పూర్తయ్యేసరికి గూడే లేదు.

ఇక మిగిలింది చిట్టచివరి కొమ్మ. అది జంకుపిట్టది. ఆకు కదిలినా ఉలిక్కిపడతాడని అందరూ వాణ్ణి అలాగే పిలిచేవారు. చిత్రముఖిని చూడగానే వాడు ఆకు చాటుకు పోయి, "ర... రండి," అన్నాడు.

తన్నింది, గూడు కదల్లేదు. లాగింది, ముక్కే నొప్పి పుట్టింది. లోపల కూర్చుని ఊగింది. బరువు కోసం అద్దిన తడిమట్టి చల్లగా తగిలింది.

"పోగు పోగుకూ రెండు ముళ్ళెందుకయ్యా?"

"భయమండీ. ఒక ముడి వేశాక, గాలికి తెగుతుందేమోనని గుండె దడదడలాడుతుంది. రెండోది వేస్తే గానీ నిద్ర పట్టదు."

చిత్రముఖి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కిందటేటి గుడ్లు గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ భయం అప్పుడు తన ఇంట ఉంటే ఎంత బాగుండేది!

"ఊ," అంది.

గుంపంతా గొల్లున నవ్వింది. "కాకి వస్తే నీ మొగుడు ఏం చేస్తాడే?"

"కాకి సంగతి నేను చూసుకుంటాను. ముడి సంగతి ఆయన చూసుకుంటాడు. మధ్యలో మీకెందుకమ్మా బెంగ?"

గాలివాన రానే వచ్చింది. గూళ్ళు ఎన్నో ఏట్లో తేలాయి. జంకుపిట్ట గూడు మాత్రం ఊగి ఊగి నిలిచింది. ఆ మర్నాడే కాకి సడి లేకుండా గుడ్ల కోసం దిగింది. ఆకు కదలగానే ఉలిక్కిపడి అందరికంటే ముందు కేక పెట్టింది జంకుపిట్టే! చిత్రముఖి బాణంలా దూసుకొచ్చి కాకిని పొడిచి తరిమింది.

గుడ్లు పిల్లలయ్యాయి. రెక్కలొచ్చిన రోజున రెండు పిల్లలు రివ్వున ఎగిరాయి. మూడోది గూటి అంచు పట్టుకుని వణికింది. అన్నలు నవ్వారు.

"నవ్వకండర్రా," అంది చిత్రముఖి. "మీరు పుట్టిన గూడు కట్టింది ఇలా వణికే కాళ్ళే."

జంకుపిట్ట వచ్చి బిడ్డ పక్కన ఒదిగి కూర్చున్నాడు. "నాకూ భయమేరా నాన్నా. ఇంకొక్కసారి గాలి చూసుకుని, ఇద్దరం కలిసే ఎగురుదాం."

గాలి చూసుకున్నారు. మళ్ళీ చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసే ఎగిరారు.

కాబట్టి పిల్లలూ, తోడును ఎంచుకునేటప్పుడు పై మెరుపుకు మోసపోక, చేసిన పనిలో గట్టితనం చూడాలి. ఒకరి దుడుకూ ఒకరి జంకూ ఒద్దికగా కలిసిన గూడు ఏ గాలికీ తెగదు.